కొత్త కంప్యూటరు, పాత నత్తనడక

గత ఏప్రిల్‌లో మా ఇంటికి కొత్త కంప్యూటరు వచ్చింది. వచ్చింది అనడంకన్నా తయారయింది అనడం సరైన మాట. మా అమ్మాయి పన్నెండో తరగతిలో అడుగుపెట్టింది. ప్రవేశ పరీక్షల కోసం రాసే నమూనా పరీక్షలన్నీ ఇప్పుడు కంప్యూటరు మీదే. ఇంట్లో ఉన్న పదేళ్లనాటి డెస్క్‌టాప్ ఆన్ చేసి, పాలు కాచి, కాఫీ కలుపుకుని తాగి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఈసారి విడిభాగాలు కొని మనమే బిగించుకుందామని తండ్రీకూతుళ్లం తీర్మానించుకున్నాం.

సుపేలాలో ఒక దుకాణానికి వెళ్లాం. ఇంటెల్ కోర్ ఐ5 పన్నెండో తరం ప్రాసెసరు, దానికి తగిన మదర్‌బోర్డు, ఎనిమిదేసి గిగాబైట్ల ర్యామ్ ముక్కలు రెండు, 500 గిగాబైట్ల ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్ తీసుకున్నాం. "బిగించి ఇస్తాను సార్, ఐదొందలు ఇవ్వండి చాలు" అన్నాడు దుకాణంలో కుర్రాడు. వద్దన్నాను. ఐదొందలు మిగులుతాయనీ, అమ్మాయికి నాలుగు విషయాలు తెలుస్తాయనీ నా లెక్క. పాత కంప్యూటరులోని ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కును తీసి కొత్తదానిలో పెట్టాను. నడుస్తున్న దాన్ని పారేయకూడదన్నది మా ఇంటి ఆర్థిక విధానం. అంతటితో ఆగక, ఎస్‌ఎస్‌డీ త్వరగా అరిగిపోతుందేమోనని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లన్నీ ఆ పాత డిస్కు మీదికి మార్చాను. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండు వారాలు కంప్యూటరు గుర్రంలా పరుగెత్తింది. మే మొదటి వారానికి నత్త అయింది. ఒక్కోసారి మౌసు కదిలించినా బాణం గుర్తు ఆలోచించుకుని కదిలేది. ఒక్కోసారి ఏ ఫోల్డరు తెరిచినా అర నిమిషం తెల్లగా నిలబడిపోయేది. ఒక మధ్యాహ్నం అమ్మాయి మూడు గంటల నమూనా పరీక్ష రాస్తుండగా తెర బిగుసుకుంది. ప్రశ్న మారలేదు గాని సర్వరులో గడియారం మాత్రం ఆగలేదు. మళ్లీ కదిలేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. పిల్ల ఏమీ అనలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయింది. నాలుగు మాటలన్నా బాగుండేదనిపించింది.

మన సహోద్యోగుల్లో చాలామంది ఇళ్లలో ఇలాంటి కథ ఉండే ఉంటుంది. మా కథ నుంచి నేను నేర్చుకున్నది చెబితే మీకు కొంత డబ్బు, కొంత కోపం మిగులుతాయని ఈ వ్యాసం.

తొందరలో చేసిన తప్పులు

ముందుగా, చేయకూడనివి. అవన్నీ నేను చేశాను.

ఒకటి, ర్యామ్ చాలడంలేదని తేల్చేసి ఇంకో పదహారు గిగాబైట్లు కొన్నాను. ఎందుకలా తేల్చానంటే, ఆఫీసులో ఎవరో అన్నారు గనుక. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. రెండు, విండోస్ తీసేసి మళ్లీ వేశాను. ఒక ఆదివారం పోయింది, జబ్బు పోలేదు. మూడు, వైరస్ అనుకుని, విండోస్‌లో ముందే ఉన్న రక్షణ చాలదన్నట్టు దానిపైన ఇంకో యాంటీవైరస్ వేశాను. గేటు దగ్గర కాపలాదారు మారాడు గాని, వరుస పొడవు మారలేదు. నాలుగు, ఒకే పూట మూడు మార్పులు చేశాను. కొంచెం మెరుగైనట్టు అనిపించినా ఏ మార్పు వల్ల మెరుగైందో తెలియలేదు.

ఐదోది అన్నిటికంటే పెద్దది. నేరుగా దుకాణానికి వెళ్లి, పాత సరుకు అంటగట్టారని ఆ కుర్రాడి మీద నలుగురిలో గొంతు పెంచాను. "ఒకసారి తీసుకురండి సార్, చూస్తాను" అన్నాడతను. తీసుకెళ్లలేదు. నా నిర్ణయం అప్పటికే అయిపోయింది గనుక సాక్ష్యంతో పని లేకపోయింది.

తెర బిగుసుకున్నప్పుడల్లా పవర్ బటన్ నొక్కిపట్టి ఆర్పేసేవాణ్ని. అది ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు.

మీటరు చూడకుండా వాల్వు ముట్టుకోవద్దు

మా మామయ్యగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన కర్మాగారమది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పని కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో వారిదీ ఒకటి. క్వార్టరు ఖాళీ చేశాక రిసాలీలో ఇల్లు కట్టుకున్నారు. సాయంత్రాలు సెక్టార్ 5 బాలాజీ గుడికి వెళ్లి, అటునుంచి మా ఇంటికి వస్తుంటారు.

నా అవస్థంతా విని ఆయన మూడు ప్రశ్నలు వేశారు. "బాబూ, ఎప్పుడు నెమ్మదిస్తోంది? ఏ పని చేస్తుంటే నెమ్మదిస్తోంది? నెమ్మదించినప్పుడు మీటర్లు ఏం చూపిస్తున్నాయి?"

మూడింటికీ నా దగ్గర జవాబు లేదు. "మీటరు చూడకుండా వాల్వు ముట్టుకుంటే మా ఫోర్‌మన్ ఇంటికి పంపేవాడు" అన్నారాయన నవ్వుతూ.

నాకు సిగ్గేసింది. మేనేజ్‌మెంట్ చదువులో ఇదే పాఠం మార్కుల కోసం రాసినవాణ్ని. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో 'ది గోల్' అనే నవల రూపంలో చెప్పిన సిద్ధాంతం ఇదే. ఏ వ్యవస్థ వేగమైనా అందులో అన్నిటికంటే ఇరుకైన చోటును బట్టే ఉంటుంది. ఆ ఇరుకును వదిలేసి మిగతా చోట్ల ఎంత ఖర్చు పెట్టినా ఫలితం సున్నా. మామయ్యగారి భాషలో చెప్పాలంటే, కరిగిన ఉక్కు అందకపోతే రోలింగ్ మిల్లు ఎంత వేగంగా తిరగగలిగినా ఊరికే తిరుగుతుంది. నేను కొన్న పదహారు గిగాబైట్లు ఊరికే తిరుగుతున్న రోలింగ్ మిల్లు.

ఆ రాత్రి అమ్మాయి ఒక నోటుబుక్కులో గీతలు గీసింది. సమయం, గది వేడి, చేస్తున్న పని, ప్రాసెసరు శాతం, డిస్కు శాతం, ప్రాసెసరు ఉష్ణోగ్రత. మూడు రోజులపాటు దేన్నీ మార్చకూడదని, కేవలం రాసుకోవాలని షరతు.

ఏ మీటరు ఎక్కడుంది?

మీటర్లన్నీ విండోస్‌లోనే ఉన్నాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే పేజీ చూడాలి. నెమ్మదించిన సమయంలోనే చూడాలి. జ్వరం తగ్గాక థర్మామీటరు పెట్టి లాభం లేదు.

ప్రాసెసరు శాతం నూటికి దగ్గరగా ఉంటే ఏదో ప్రోగ్రాము దాన్ని పీల్చేస్తోందని అర్థం. ఆ ప్రోగ్రాము పేరు ప్రాసెసెస్ పేజీలో పైన కనిపిస్తుంది. అక్కడే వేగం కూడా గిగాహెర్ట్జ్‌లలో కనిపిస్తుంది. ఇది చాలామంది చూడని మీటరు. మెమరీ తొంభై శాతం దాటి అక్కడే నిలిస్తే, అప్పుడు ర్యామ్ కొనడం న్యాయం. డిస్కు దగ్గర మూడు అంకెలుంటాయి. ఎంతసేపు పనిలో ఉంది, ఎంత సమాచారం కదులుతోంది, సగటున ఎంతసేపటికి బదులిస్తోంది. ఈ మూడింటినీ కలిపి చదవాలి.

ప్రాసెసరు ఉష్ణోగ్రత మాత్రం టాస్క్ మేనేజర్‌లో కనిపించదు. దానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేరు కావాలి. దాన్ని తయారీదారు వెబ్‌సైటు నుంచే దించుకోవాలి.

మూడు రోజుల తర్వాత నోటుబుక్కు చూస్తే నాకు కనువిప్పయింది. మేము ఒక జబ్బు అనుకుంటున్నది నిజానికి రెండు జబ్బులు. ఒకటి మధ్యాహ్నం మాత్రమే వస్తుంది, అప్పుడు అంతా నెమ్మదిస్తుంది. రెండోది ఏ వేళైనా వస్తుంది, కానీ ఫైళ్లు తెరిచినప్పుడూ దాచినప్పుడూ మాత్రమే. రెండూ కలిసిన రోజున కంప్యూటరు పూర్తిగా చేతులెత్తేస్తుంది. పరీక్ష మధ్యలో బిగుసుకున్నది అలాంటి రోజే.

మొదటి జబ్బు: వేడి

మే నెలలో భిలాయి ఎండ ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసిన మిత్రులకు చెప్పనక్కర్లేదు. నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు మామూలు. అమ్మాయి గదిలో మధ్యాహ్నం మూడింటికి ముప్పై ఎనిమిది. ఆ సమయంలో నోటుబుక్కులో వరుసగా ఒకే అంకె కనిపించింది. ప్రాసెసరు ఉష్ణోగ్రత వంద డిగ్రీలు. వేగం ఒక గిగాహెర్ట్జ్‌కు అటూ ఇటూ. నిజానికి ఆ ప్రాసెసరు నాలుగు గిగాహెర్ట్జ్ దాకా పరుగెత్తగలదు.

ఇది చెడిపోవడం కాదు, తనను తాను కాపాడుకోవడం. ఆధునిక ప్రాసెసరు తన వేడిని తానే కొలుచుకుంటూ ఉంటుంది. హద్దుకు చేరగానే వేగం తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే తక్కువ విద్యుత్తు, తక్కువ వేడి. అప్పటికీ తగ్గకపోతే కంప్యూటరే ఆరిపోతుంది. ఎండదెబ్బ తగలకుండా మనిషి నీడన కూర్చున్నట్టే.

ఎండ ఎక్కువైతే మాత్రం వంద డిగ్రీలకు చేరాలా? అక్కర్లేదు. ప్రాసెసరు మీద ఉండే కూలరు గది గాలికంటే చల్లగా దేన్నీ చేయలేదు. వేడి ఎంత వేగంగా బయటికి పోతుందన్నది ప్రాసెసరుకూ గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. గది ఇరవై ఎనిమిది నుంచి ముప్పై ఎనిమిదికి వెళితే ప్రాసెసరు కూడా సుమారు పది డిగ్రీలు పెరగడం సహజం. అంతకు మించి పెరిగిందంటే వేడి పోయే దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

క్యాబినెట్ తెరిచాం. ఇంటెల్ డబ్బాతో వచ్చే కూలరుకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. ఒక్కొక్కటీ మదర్‌బోర్డు రంధ్రంలోంచి దిగి 'టక్'మని బిగుసుకోవాలి. మాది మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. నాలుగో పిన్ను పైకి లేచి ఉంది. ఆ మూలన కూలరుకూ ప్రాసెసరుకూ మధ్య వెంట్రుకంత సందు. ఆ సందు చాలు. గాలి వేడిని సరిగా మోయలేదు, అందుకే లోహాల మధ్య ఖాళీ లేకుండా థర్మల్ పేస్టు పూస్తారు. ఏప్రిల్ ఆఖరులో క్యాబినెట్‌ను హాలు నుంచి అమ్మాయి గదిలోకి మార్చాం. సగం బిగిసిన పిన్ను ఆ కుదుపుకు ఊడి ఉండాలి. రెండు వారాలు బాగా నడిచి తర్వాత ఎందుకు నెమ్మదించిందో అప్పుడు అర్థమైంది.

ఆ పిన్ను బిగించింది ఎవరో కాదు, నేనే.

కూలరు తీసి, పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టి మళ్లీ బిగించాం. ఎదురెదురు మూలల పిన్నులను జతగా నొక్కాలి, ఒక వైపు రెండూ ముందు నొక్కకూడదు. పిన్ను తలమీది బాణం గుర్తు విప్పే దిశను చూపుతుంది, కాబట్టి బిగించేముందు తలను దానికి ఎదురు దిశలో తిప్పి ఉంచాలి. చివరగా బోర్డు వెనకనుంచి చూస్తే నాలుగు పిన్నుల కొసలూ సమానంగా బయటికి వచ్చి కనిపించాలి. కొన్ని కూలర్ల అడుగున పలుచని ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. దాన్ని తీయకుండా బిగించేవాళ్లూ ఉన్నారు.

మర్నాడు అదే గది, అదే మూడు గంటల ఎండ. ఉష్ణోగ్రత డెబ్భై రెండు. వేగం నాలుగు గిగాహెర్ట్జ్. మొదటి జబ్బు పోయింది. ఖర్చు ఒక పేస్టు ట్యూబు.

రెండో జబ్బు: జవాబు చెప్పని డిస్కు

రెండో జబ్బు దగ్గర నోటుబుక్కులో ఉన్నది వింత లెక్క. ప్రాసెసరు నాలుగు శాతం. మెమరీ ముప్పై శాతం. పాత హార్డ్‌డిస్కు నూరు శాతం పనిలో ఉంది. కదులుతున్న సమాచారం మాత్రం సున్నా. బదులిచ్చే సమయం కొన్ని వేల మిల్లీసెకన్లు. ఆరోగ్యంగా ఉన్న హార్డ్‌డిస్కు మామూలు పనిలో పది, ఇరవై మిల్లీసెకన్లలో బదులిస్తుంది. కౌంటరు దగ్గర గుమాస్తా రోజంతా తలవంచి పనిచేస్తున్నాడు, ఒక్క వోచరూ పాస్ కావడంలేదు అంటే మనమేం అనుకుంటాం? ఏదో ఒకే వోచరు దగ్గర ఇరుక్కుపోయాడనే కదా.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన క్యాష్ లెక్క బాగా పనికొస్తుంది. ప్రాసెసరుకు కావలసింది ర్యామ్‌లో దొరికితే సుమారు వంద నానోసెకన్లు పడుతుంది. దాన్ని ఒక సెకను అనుకుందాం, కౌంటరు సొరుగులోంచి నోటు తీసినట్టు. అదే కొలతలో ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే పావుగంట పైచిలుకు, స్ట్రాంగ్ రూముకు వెళ్లి ఇద్దరు తాళాలు తీసి తెచ్చినట్టు. హార్డ్‌డిస్కు నుంచి తేవాలంటే ఇరవై ఎనిమిది గంటలు, కరెన్సీ చెస్టుకు కబురు పంపి మర్నాటికి తెప్పించుకున్నట్టు. హార్డ్‌డిస్కు నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు ఎనిమిది మిల్లీసెకన్లకు పైనే. కావలసిన అక్షరం ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే కొత్తదైనా సరే, హార్డ్‌డిస్కు మీద విండోస్ వేస్తే నెమ్మదిగానే ఉంటుంది.

అయితే మాది అంతకంటే పెద్ద కథ. డిస్కులో ఒక చోటు పాడైతే, డిస్కు దాన్ని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. ఆ పట్టుదలలో పది, ఇరవై సెకన్లు గడిచిపోతాయి. అంతసేపూ ఆ డిస్కును అడిగిన ప్రతి ప్రోగ్రామూ చేతులు కట్టుకుని నిలబడుతుంది. విండోస్ ఎస్‌ఎస్‌డీ మీదే ఉన్నా నేను డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు అన్నీ ఆ డిస్కు మీదికి మార్చాను గనుక, ఏం ముట్టుకున్నా కబురు అక్కడికే పోయేది. పొదుపనుకున్నది అలా ఉచ్చయింది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది. మన ఇన్‌స్పెక్షన్ రిజిస్టరు లాంటిది. అందులో సిస్టమ్ అనే పద్దు తెరిస్తే 'డిస్క్' పేరిట 153, 7 అనే సంఖ్యలతో హెచ్చరికలు వరుసగా ఉన్నాయి. మొదటిది, మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. రెండోది, పాడైన చోటు తగిలిందని. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో డిస్కు తన గురించి తాను రాసుకున్న ఆరోగ్య నివేదిక చూశాం. పసుపు రంగు గుర్తు వచ్చింది. అందులో రెండు పద్దులు ముఖ్యం. సీ7 అనే పద్దు పెరుగుతుంటే తప్పు ఎక్కువగా కేబుల్‌ది, కేబుల్ మారిస్తే సరిపోవచ్చు. సీ5 అనే పద్దులో అంకె ఉంటే డిస్కు చదవలేక పక్కన పెట్టిన చోట్లు అన్ని ఉన్నాయని అర్థం. మాది సీ5.

మన భాషలో చెప్పాలంటే ఆ ఖాతా ఎస్‌ఎంఏలోకి వచ్చేసింది. ముప్పై రోజుల లోపు బకాయి ఉంటే ఎస్‌ఎంఏ-0, ఆపైన 1, అరవై దాటితే 2, తొంభై దాటితే ఎన్‌పీఏ అని మనం ఎందుకు విభజిస్తాం? ఎన్‌పీఏ అయ్యేదాకా ఆగకుండా ముందే కదలాలని. డిస్కు నెలరోజులుగా అదే సంకేతం ఇస్తోంది. నేను మాత్రం సంకేతం వచ్చినప్పుడల్లా పవర్ బటన్ నొక్కి నోరు మూయించాను.

ముందు ప్రాణం, తర్వాత వైద్యం

అప్పుడు గుర్తొచ్చింది, ఆ డిస్కు మీద ఏముందో.

మా అత్తయ్యగారు పోయి ఐదేళ్లయింది. క్వార్టరు ఖాళీ చేసిన ఏడాది వానలకు ఫొటో ఆల్బములు తడిశాయి. అంతకు ముందే మామయ్యగారు ఓపికగా ఒక్కొక్క ఫొటోనూ స్కాన్ చేయించి మాకిచ్చారు. మైత్రీబాగ్‌లో తీసినవి, గుడిలో పెళ్లి ఊరేగింపువి, మొదటిసారి టౌన్‌షిప్ క్వార్టరు తలుపు ముందు నిలబడినవి. నాలుగు వందలకు పైగా ఫొటోలు. వాటికి ఉన్నది ఆ ఒక్క ప్రతే. అవతలివాళ్ల డాక్యుమెంట్లకు రెండు తాళాలు వేయించే నేను, ఇంట్లో దానికి రెండో ప్రతి కూడా తీయలేదు.

ఇక్కడ నేర్చుకున్న నియమం అన్నిటికంటే ముఖ్యం. డిస్కు మీద అనుమానం రాగానే మరమ్మతు మొదలుపెట్టకూడదు. చెక్‌డిస్క్ నడపకూడదు, డీఫ్రాగ్ చేయకూడదు. అవి డిస్కు మొత్తాన్నీ తిరగేస్తాయి. ఆయాసపడుతున్న రోగిని మెట్లెక్కించి పరీక్ష చేసినట్టవుతుంది. ముందు అన్నిటికంటే విలువైనవి, మళ్లీ దొరకనివి వేరే డిస్కు మీదికి కాపీ చేయాలి. సినిమాలు, పాటలు ఆఖరున. డిస్కు వేడెక్కుతుంటే మధ్యమధ్య ఆపి చల్లారనివ్వాలి. డిస్కులోంచి టకటకమని చప్పుడు వస్తుంటే అసలు ముట్టుకోకుండా నిపుణులకు ఇవ్వాలి.

రెండు రాత్రులు పట్టింది. మామయ్యగారు పక్కన కుర్చీలో కూర్చుని ఆకుపచ్చ గీత కదలడం చూస్తూనే ఉన్నారు. పద్నాలుగు ఫొటోలు మొదట రాలేదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే పదకొండు వచ్చాయి. మూడు రాలేదు. ఆ మూడింటిలో ఏవేం ఉన్నాయో ఆయనకు తెలుసు. చెప్పలేదు. అడిగే ధైర్యం నాకూ చాలలేదు.

ఇప్పుడు ఆ ఫొటోలకు మూడు ప్రతులున్నాయి. ఒకటి కంప్యూటరులో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి విశాఖపట్నంలో మా బావమరిది ఇంట్లో. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే ఊళ్లో అన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. మన బ్యాంకులు విపత్తుల కోసం వేరే చోట డేటా సెంటరు పెట్టుకునేది కూడా ఇందుకే. పాత హార్డ్‌డిస్కుకు సెలవిచ్చాం.

ఇంకొన్ని కారణాలు, క్లుప్తంగా

మాకు తగలనివి, మీకు తగలగలవి మరికొన్ని ఉన్నాయి.

కొత్తగా విండోస్ వేసిన మొదటి ఒకటి రెండు రోజులు అది నవీకరణలు దించుకుంటూ, ఫైళ్ల సూచిక రాసుకుంటూ ఉంటుంది. ఆ నెమ్మది జబ్బు కాదు, ఓపిక పట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ర్యామ్ ముక్కలు రెండే అయితే, సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెడితే రెండు దారుల రోడ్డు ఒక దారి అవుతుంది. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు కొన్నవారు మానిటరు కేబుల్‌ను ఆ కార్డుకే తగిలించాలి, మదర్‌బోర్డుకు తగిలిస్తే కార్డు ఊరికే కూర్చుంటుంది. చిప్‌సెట్ డ్రైవర్లు బోర్డు తయారీదారు వెబ్‌సైటు నుంచి వేసుకోవాలి.

అన్నీ సరిగా ఉన్నా నెమ్మదించే సందర్భాలూ ఉంటాయి. 2022 మార్చిలో ఏఎండీ సంస్థే ఒక విషయం ఒప్పుకుంది. కొన్ని రైజెన్ కంప్యూటర్లలో భద్రత కోసం ఉన్న ఎఫ్‌టీపీఎం అనే ఏర్పాటు, బోర్డు మీది మెమరీతో మాట్లాడేటప్పుడు కంప్యూటరు క్షణంపాటు తడబడుతోందని. మందు బయోస్ నవీకరణ. భాగాలన్నీ మంచివే, తడబాటు వాటి మధ్య సంభాషణలో ఉంది. మన శాఖల్లోనూ కొన్ని సమస్యలు ఇలాంటివే.

శాఖలో అయితే

ఇక్కడ ఒక హెచ్చరిక. పైన చెప్పినవన్నీ ఇంటి కంప్యూటరుకు. శాఖలోని కంప్యూటరు క్యాబినెట్ విప్పడం, బయటి సాఫ్ట్‌వేరు వేయడం, సొంత పెన్‌డ్రైవు పెట్టడం మన పని కాదు. అది ఐటీ విభాగం పని. కానీ వారికి ఫిర్యాదు ఎలా ఇస్తామన్నది పూర్తిగా మన చేతిలో ఉంది. "సిస్టమ్ స్లో" అని రెండు ముక్కలు రాస్తే వారూ నాలాగే ర్యామ్‌తో మొదలుపెడతారు. ఫిర్యాదులో ఈ ఐదు విషయాలు రాయండి.

- నెమ్మదించింది ఒక్క టెర్మినలా, శాఖ మొత్తమా? మొత్తమైతే అనుమానం నెట్‌వర్కు మీద.
- కోర్ బ్యాంకింగ్ మాత్రమేనా, ఎక్సెల్ షీటు కూడానా? ఎక్సెల్ కూడా అయితే అనుమానం ఆ కంప్యూటరు మీద.
- రోజంతానా, ఒక వేళలోనా?
- తెర మీద సందేశం ఏమైనా వస్తే అక్షరం పొల్లు పోకుండా.
- నెమ్మదించడానికి ముందు ఏం మారింది? బల్ల జరిపారా, కొత్త ప్రింటరు పెట్టారా?

ఇంకో రెండు మాటలు. క్యాబినెట్ వెనక గాలి పోయే చోట వోచర్ల కట్టలు పేర్చకండి. ముఖ్యమైన లేఖలు, నివేదికలు డెస్క్‌టాప్ మీదే ఉంచకండి, బ్యాంకు నిర్దేశించిన చోటే దాచండి. ఆ డిస్కుకూ ఒక సీ5 ఉంటుంది.

బాకీ తీర్చడం

అంతా సర్దుకున్నాక మిగిలిన బాకీ ఒకటుంది. ఒక శనివారం సాయంత్రం సుపేలా వెళ్లాను. వాడని ర్యామ్ వాపసు ఇవ్వడానికి కాదు, దాని గడువు దాటిపోయింది. దుకాణంలో అదే కుర్రాడున్నాడు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి గనుక జనం ఉన్నప్పుడే చెప్పాను, తప్పు నాదేనని. అతను చేస్తున్న పని ఆపి ఒక్కటే అడిగాడు. "కూలరు పిన్నే కదా సార్?"

చూడకుండానే తెలిసింది అతనికి. ఆ రోజే తీసుకెళ్లి ఉంటే పది నిమిషాల పని. ఐదొందలు మిగుల్చుకోబోయి నేను పోగొట్టుకున్నది కొంత డబ్బు, నాలుగు ఆదివారాలు, మూడు ఫొటోలు.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు అమ్మాయి మళ్లీ నమూనా పరీక్షకు కూర్చుంది. బయట రోహిణి ఎండ. మూడు గంటలూ తెర ఒక్కసారి కూడా తడబడలేదు. పరీక్ష అయ్యాక బయటికి వచ్చి నోటుబుక్కు నా చేతికిచ్చింది. ఆఖరి వరుసలో ఉష్ణోగ్రత డెబ్భై ఒకటి, డిస్కు రెండు శాతం. దాని కింద ఇంకో వాక్యం రాసి ఉంది. "ఇక మార్కులు తగ్గితే కంప్యూటరు మీదికి నెట్టడానికి లేదు."